జెండా రంగు

అల్ ఖోర్‌లో తెల్లవారుజాము నాలుగున్నర.
ఫోనులో ముప్ఫై ఒకటి,
దాని కింద సన్న అక్షరాల్లో: ఒంటికి తోచేది నలభై.
ఎవరి ఒంటికి?
చల్లటి గదిలో కూర్చుని లెక్క కట్టినవాడి ఒంటికా,
ఇంకాసేపట్లో సిమెంటు బస్తా భుజానికెత్తే
ఓదెలు ఒంటికా?

నా పని జెండా మార్చడం.
మూడు కాళ్ళ మీద నిలబెట్టిన మీటరు.
దాని నల్లగుండు ఎండను తాగుతుంది,
తడిగుడ్డ చుట్టిన గొట్టం చెమటను నటిస్తుంది.
గంటకోసారి వంగి అంకె చదువుతాను,
పుస్తకంలో రాసి తాడు లాగుతాను.
నలుపైతే పని బంద్.
ఎరుపైతే గంటకు పావుగంట నీడ.
పసుపైతే నీళ్ళు.
ఆకుపచ్చైతే ఇంక అడగడానికేమీ లేదు.

జూన్ నుంచి ఆకుపచ్చ మడత విప్పలేదు.
డబ్బాలో దాని రంగు కొత్తగానే ఉంది.
ఎర్రది మాత్రం ఎండకు వెలిసి వెలిసి
పాత రవికె రంగుకు దిగింది.

సెప్టెంబరు మొదట్లో, చీకటి ఇంకా విడకముందే
గేటు దగ్గర మురాద్ బలూచీ
దక్షిణం అంచుకు వేలు చూపాడు.
"సుహైల్," అన్నాడు, "ఇక రాత్రులు మెత్తబడతాయి."
బకెట్టుతో అటుగా వచ్చిన గంగమల్లు
తలెత్తి చాలాసేపు చూసి
"గిది మన అగస్త్యుడే గద!
గీన పొడిస్తె కుంటల నీళ్లు తేటవడ్తయ్" అన్నాడు.
ఇక్కడ తేటపడడానికి కుంటల్లేవు.
ట్యాంకరు నీళ్ళు మాత్రం
ఆ వారం నుంచే చెయ్యి కాల్చడం మానాయి.

గంగమల్లు మంచం పక్క గోడకు కార్తెల కాగితం.
పుబ్బ, ఉత్తర, హస్త, దాటినదానికల్లా పెన్సిలు గీత.
చినుకు పడని దేశంలో హస్తకేం పనంటే
"కార్తెకు దేశమేంది, అది మోకాళ్ళల్ల వస్తది" అంటాడు.
హస్త మూడోనాడు నిజంగానే అతని మోకాలు సలిపింది.
ఆ రాత్రే గాలి మళ్ళింది.
సముద్రం మీది జిగట ఆగి
ఉత్తరం నుంచి పొడిగాలి, పిడికెడు ఇసుకతో.
దండెం మీది చొక్కాలు గంటలో పెళపెళలాడాయి,
వాటి వీపుల మీద ఉప్పు పటాలు
తెల్లగా, స్పష్టంగా.

చల్లబడితే అందరికీ సంతోషమే అనుకున్నాను.
అక్టోబరు పదకొండు, పదిన్నరకు
మీటరు ఇరవై ఎనిమిదికి దిగింది.
ఆకుపచ్చ మడత విప్పాను.
షట్టరింగ్ కుర్రాళ్ళు ఈల వేశారు.
ఫోర్మన్ కూడా పైకి చూశాడు.
మధ్యాహ్నానికల్లా
నీడపందిరి గుంజలు పీకించాడు.
రోజుకు నాలుగైదు పావుగంటలు
అలా మడతబెట్టి లారీలో వేసుకుపోయారు.
"ఎర్రదే నయముండె" అని ఎవరో అన్నారు,
నాకు వినబడేటట్టే.

పోయినేడు ఓదెలు పడిపోయింది
పసుపు జెండా కింద.
అంకె తప్పు కాదు. నేనే రాశాను, నేనే సంతకం చేశాను.
ఆసుపత్రి నుంచి వచ్చాక వాడు జెండా చూడడు,
నా మొహం చూస్తాడు.

స్వాతిలో ఒక రాత్రి ఫోను చెప్పింది:
వేకువన పొగమంచు, తేమ తొంభై ఆరు శాతం,
గాలి నామమాత్రం, చూపు రెండు వందల మీటర్లు.
అన్నట్టే దిగింది, అన్నదానికంటే చిక్కగా.
క్రేను నడుము పైన లేదు.
స్తంభం ఉంది, జెండా లేదు.
బస్సులు దిగిన నూట ఎనభై మందిలో
రంగేమిటో ఎవరికీ తెలియదు.
మంచు తేలేదాకా ఆగమని కబురొచ్చింది.
ఇనుప చువ్వల మీద వరసగా కూర్చున్నారు.
నల్లటీ కప్పుల ఆవిరి ఎక్కడ ఆగి
మంచు ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం.
ఎవరో దగ్గారు. ఎవరో నవ్వారు.

ఓదెలు తెల్లదనంలోంచి నడిచొచ్చి
ముక్కుకు ముక్కు ఆనేంత దగ్గర నిలబడ్డాడు.
"ఇయ్యాల ఏమున్నదే?"
మీటరు గాజు తుడిచాను.
మళ్ళీ చెమర్చింది. మళ్ళీ తుడిచాను.
"తెల్వదు," అన్నాను,
"కూసో."