తారీఖు

కారు షెడ్డు దాటేది ముహూర్తాలకే.
మాఘం, ఫాల్గుణం, వైశాఖం, మళ్లీ శ్రావణం.
మిగతా రోజులు కొబ్బరిడొక్కల గుట్ట పక్కన
నిలబడే నిద్రపోతుంది నా తెల్ల అంబాసిడరు.

ఎనిమిదేళ్లలో ఆరువేల కిలోమీటర్లు.
గాడిలో రూపాయి బిళ్ల పెడితే సగం మునుగుతుంది,
అంచున కొత్తప్పటి రబ్బరు నూగు ఇంకా రాలలేదు,
ఇదేం అరుగుదల, అన్నాను కాశీంతో.

రావులపాలెంలో, సెంటరు దాటాక, అతని షాపు.
గొంతుకూర్చుని, ఉమ్మితో తడిచేసిన బొటనవేలితో
టైరు పక్కన బురద తుడిచాడు.
నాలుగంకెలు బయటపడ్డాయి: రెండు, మూడు, ఒకటి, ఆరు.
"పదహారులో, ఇరవైమూడో వారం పుట్టింది.
దీన్ని రోడ్డు తినలేదు పళ్లాలూ, ఎండ తింది, గాలి తింది.
తిరిగేది అరిగి పోతుంది, అది కంటికి తెలుస్తుంది.
ఇది ఎండిపోతోంది. పైకి చెప్పదు."
టైర్లు అమ్ముకునేవాడు ఇంకేం చెబుతాడు, అనుకున్నాను.

ట్యూబులతో కలిపి ఇరవైరెండు వేలు.
పెళ్లికి నాకు మిగిలేది, పూలదండలు పోను, వెయ్యిన్నర.
వచ్చే ఏడు చూద్దాం అన్నాను.
పోయినేడూ అదే అన్నాను.

ఫాల్గుణంలో, ఆత్రేయపురం నుంచి లొల్ల వైపు, కాలవగట్టు మీద.
అర్ధరాత్రి దాటింది. ఎడంపక్క నిండు నీళ్లు.
వెనకసీట్లో పెళ్లికూతురు అద్దానికి చెంప ఆనించి నిద్రపోతోంది,
జడలోంచి తలంబ్రాలు ఒకటీ అరా రాలుతున్నాయి.
పెళ్లికొడుకు చెప్పులు విప్పేసి పారాణి కాళ్లు చూసుకుంటున్నాడు.
ముందు ఆమె తమ్ముడు, ఒళ్లో స్టీలు క్యారేజీ.

ఠప్పుమంది.

ఊరేగింపులో మిగిలిన టపాకాయ. ఎవరో పిల్లాడు కాల్చాడు.
నా కాలు బ్రేకు మీద లేదు,
యాక్సిలరేటరు మీదా లేదు. గాల్లో ఉంది.
"ఏమైందండీ?" అంది ఆ అమ్మాయి, కళ్లు తెరవకుండానే.
ఏం లేదమ్మా, పడుకో, అన్నాను.
ఆ మాట తర్వాత నా నోరు ఎండిపోయింది.

ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండానే,
టార్చిలైటు పట్టుకుని కారు కిందకి దూరాను.
లోపలిపక్క, ఎవరూ చూడని పక్క,
కాలవ కట్టేశాక వైశాఖంలో మడి ఎలా నెర్రెలిస్తుందో అలా ఉంది.
గోరు దిగింది.
స్టెప్నీ ఇంకా ముసలిది. పదకొండుది.

మర్నాడు మూడు బయానాలు వెనక్కిచ్చేశాను.
చీటీ ఎనిమిదొందలు తగ్గించి పాడింది మా ఆవిడ.
ముందువి రెండు మార్చి, వెనకవి ఉంచుదామా అనడిగితే
కాశీం తలెత్తి చూడలేదు.
ఆషాఢంలో, ఎవరికీ కారు అక్కర్లేని నెలలో,
ఐదూ మార్చాను.
బిగించేముందు కళ్లజోడు తుడుచుకుని
కొత్తవాటి తారీఖు నేనే చదివాను.
"సంబంధం చూస్తున్నావా ఏంటి, జాతకం అడుగుతున్నావు!"
అని నవ్వాడతను.

పాతవి కోటిపల్లి రేవులో పంటువాళ్లు పట్టుకెళ్లారు.
తాళ్లకి వేలాడుతూ
రోజంతా గట్టుకి గుద్దుకుంటున్నాయి.
మొన్న దాటుతుంటే చూశాను,
నాచు కింద ఆ నాలుగంకెలు ఇంకా ఉన్నాయి.
కుదుపుకి పక్కనున్న పెద్దాయన నా భుజం పట్టుకున్నాడు.
"పాతవే గానీ, బాగా ఆపుతున్నాయండి" అన్నాడు.
ఆయ్, అన్నాను.