ఎనిమిది ఎర్ర గుడ్డ ముక్కలు

ఓల్డ్ వార్డెన్ గడ్డి మైదానం.
జూలై సాయంత్రం, ఆరున్నరైనా దిగని ఎండ.
మడత కుర్చీలు, ఫ్లాస్కులు, మెడల్లో బైనాక్యులర్లు,
మా మరిది భుజంగం నోట అంకెలు:
గంటకింత వేగం, నిమిషానికింత ఎత్తు.

అతనికి స్పిట్‌ఫైరే.
"ఆ రెక్క చూడొదినా" అంటాడు.
చూశాను. నిజమే,
తమలపాకు కొసలా సన్నబడే రెక్క,
కత్తెర ఎక్కడా ఆగకుండా
ఒక్క ఊపున కోసినట్టు.
నేల మీద మాత్రం కాళ్లు దగ్గర పెట్టుకుని
కొత్త చెప్పులేసుకున్న పిల్లలా తడబడుతుంది.

పక్కన హరికేన్.
గూని వీపు, దళసరి రెక్కలు,
కాళ్లు ఎడంగా తన్నిపెట్టి
నెత్తిన మూట దించనని మొండికేసిన మనిషిలా.
దాని ముందు ఫొటోకి ఎవరికీ తొందర లేదు.

నేను వెనక వైపుకి వెళ్లాను.
దూరం నుంచి రేకనుకున్నది
దగ్గరికొస్తే గుడ్డ!
చెక్క బద్దల మీద లాగి బిగించిన అవిసెనార గుడ్డ,
పైన రంగు, రంగు కింద కుట్లు.
అరచేతికన్నా చిన్న అతుకొకటి,
అంచంతా పళ్లు పళ్లుగా.
ఆ కత్తెర బెడ్‌ఫర్డ్‌లో నా షాపు సొరుగులో ఉంది,
పోగు ఊడకుండా అంచు కోసేది.
పదకొండేళ్లుగా ఊళ్లోవాళ్ల ప్యాంట్లు పొట్టి చేస్తున్న నాకు
మొదటిసారి
ఒక యుద్ధవిమానం అర్థమైంది.

ఆయిల్ మరకల ఓవరాల్‌లో ముసలాయన, పెన్‌ఫోల్డ్,
"ముట్టుకో, ఒక్కసారే" అన్నాడు.
వేలితో తట్టాను.
సెగ చూపిన డప్పులా పలికింది.
"తూటా దూరితే అదేమో ఫ్యాక్టరీకి పోవాలి.
దీనికి సూదీ దారం, ఒక డబ్బా వార్నిష్.
పొద్దుటికల్లా మళ్లీ పైకి."
గర్వంగానే అన్నాడు.
పొద్దుటికల్లా మళ్లీ పైకెళ్లాల్సిన కుర్రాడికి
అది మంచి కబురేనా
అని నేను అడగలేదు.

మెసర్‌ష్మిట్ రాలేదు. ఆయిల్ కారుతోందట,
మైకులో క్షమాపణ చెప్పారు.
మైదానం మైదానమంతా
శత్రువు రానందుకు ఉసూరుమంది.

రెండూ లేచాయి.
"కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పొదినా."
మూసుకున్నాను.
గోధుమ చేల మీదుగా వచ్చి
పక్కటెముకల్లో దూరిన ఒకే గొంతు.
రెండింటి ఛాతీలోనూ ఉన్నది మెర్లిన్ ఇంజినేనట.
"స్పిట్‌ఫైర్" అన్నాను. తప్పు.
రెండోసారీ తప్పే.
తర్వాత అతను మూసుకున్నాడు.
అతను చెప్పిందీ తప్పే.
గాలి వాటం బాగాలేదన్నాడు.

దిగాక తాడు దాకా వెళ్లాను.
హరికేన్ రెక్కల ముందంచున
తుపాకీ గొట్టాల మూతులకి
ఎర్ర గుడ్డ ముక్కలు అంటించి ఉంటాయి,
దుమ్మూ తేమా పోకుండా.
మొదటి తూటాకే చిరిగిపోతాయి.
ఆ రోజుల్లో దిగొచ్చిన కుర్రాణ్ణి
నేల మీది వాళ్లు ఏమీ అడిగేవారు కాదని,
ముందు ఆ గుడ్డ వైపు చూసేవారని
పెన్‌ఫోల్డ్ వాళ్ల నాన్న చెప్పాడట.

ఎడమ రెక్కకి నాలుగు.
కుడి రెక్కకి మూడే కనిపించాయి.
నాలుగోది పెన్‌ఫోల్డ్ భుజం చాటున పడింది.
కాస్త జరగమని సైగ చేశాను.

ఉంది.
చిరగలేదు.