ఎనిమిది కిలోలు

ఫ్లోరెస్ దీవి విమానాశ్రయంలో
ఉన్నది ఒక్కటే కౌంటరు, ఒక్కటే కాటా.
దాని వెనక ఇరవై రెండేళ్ళుగా నేను.
మొహాలు మరిచిపోతాను గానీ
ఎవరి సంచి ఎంత తూగిందో మరిచిపోను.

దియొలిండా మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి దిగుతుంది
మా కళ్ళు పరీక్ష చేయడానికి.
చేతిసంచికి ఎనిమిది కిలోలు మా లెక్క.
ఐదుంబావు అద్దాల పెట్టెకే పోతుంది.
సామాన్ల అరలో వేయమంటే
"ఒకసారి వేశాను, అవతల గాజుపెంకులు దిగాయి" అంటుంది.
మిగిలిన రెండుముప్పావులో
ఆమె బతకాలి.

ఆ మే నెల మూడు రోజులకని వచ్చింది.
రెండోనాడు కొండమీంచి పొగమంచు దిగి
రన్‌వేని చాపలా చుట్టి చంకన పెట్టుకుని
ఎటో పోయింది.
విమానం పైన వినిపించేది, ఓ చుట్టు తిరిగేది,
వెనక్కి పోయేది.
ఉన్న ఒక్క లాడ్జీ నిండా పండగ చుట్టాలు.
"మా ఇంటికి రా" అన్నాను.

బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి
"నీ కొలతే నాదీను, ఏది కావాలన్నా తీసుకో" అన్నాను.
కాసేపు చూసింది, సంతలో దారి తప్పిన మనిషిలా.
"బట్టల క్లిప్పులు రెండుంటే ఇవ్వు" అంది.

రాత్రి ఉతికేది, తువ్వాల్లో చుట్టి మోకాళ్ళతో అదిమేది,
తెల్లారేసరికి ఆరేవి.
బూడిదరంగు స్కర్టు, నీలం ప్యాంటు,
చొక్కాలు రెండు, ఒకటి తెలుపు, ఒకటి మీగడ రంగు,
ఒక నల్ల కార్డిగన్, వెడల్పాటి ఉన్ని శాలువా.
అంతే.
లెక్కపెట్టడం నా వృత్తి కదా,
రెండుసార్లు లెక్కపెట్టాను.

నాలుగోనాడు పరిశుద్ధాత్మ పండగ.
రొట్టె నానిన మాంసం పులుసు కోసం
అందరం బల్లల ముందు కూచుని ఉంటే
కొత్తదేదో నల్లటిది తొడుక్కుని వచ్చింది,
మెడదాకా నున్నగా, ముందు గుండీ అన్నది లేకుండా.
ఫెలిస్మీనా నా చెవిలో, "ఎక్కడ కొన్నదే అది?"
గరిటె కోసం వంగినప్పుడు చూశాను,
వీపు పొడుగునా గుండీలు.
ఆ కార్డిగనే. వెనకది ముందుకి.

ఆరోనాడు ఫెలిస్మీనా మొగుడు అవెలీను పోయాడు.
మూడు రోజుల కిందటే
ముక్కుమీద ఇనప చట్రంతో ఆమె ముందు కూచున్నాడు.
"ఇది బాగుందా, ఇదా?" అంటూ
ఒక అద్దం తీసి ఒక అద్దం వేస్తుంటే
అట్టమీద అడుగు వరస చదివేసి,
ఆగక, గోడమీది క్యాలెండరూ చదివి
డిసెంబరు దాకా సెలవులు లెక్కపెట్టినవాడు.

శవం దగ్గరికి అదే కార్డిగన్ వచ్చింది,
గుండీలు ముందుకి, గొంతుదాకా.
శాలువా తలమీదికి ఎక్కింది.
ఆ రాత్రి అదే శాలువా
ఫెలిస్మీనా మోకాళ్ళమీద దుప్పటి.
ఎక్కడ కొన్నావని ఎవరూ అడగలేదు.

తొమ్మిదోనాడు మంచు లేచింది.
కౌంటరు దగ్గరికి జనం, ఉత్తచేతులతో కాదు.
బండిచక్రం లాంటి జున్ను, చేమదుంపలు, అత్తిపండ్ల జామ్.
ఫెలిస్మీనా అవెలీను కోటు పట్టుకొచ్చింది,
పడవ మనుషులు వేసుకునేది,
తడిస్తే గాడిద బరువు.
కాటా పన్నెండున్నర చూపించింది.
ఆమె నన్ను చూసింది. నేను కాటాని చూశాను.
"మనుషుల్ని తూచం, సంచుల్నే" అన్నాను
అందరికీ వినపడేలా.

మాట లేకుండా అక్కడే మొదలుపెట్టింది.
ప్యాంటు మీద స్కర్టు, చొక్కా మీద చొక్కా,
కార్డిగన్ మీద పోయినవాడి కోటు,
కోటు జేబుల్లో దుంపలు,
శాలువాలో జున్ను, నడుముకి చంటిపిల్లలా.
సంచి ఏడు కిలోల తొమ్మిది వందలు.
కట్టుబట్టలతో పోవడమంటే ఇదన్నమాట, అనుకున్నాను.
మెట్లెక్కుతుంటే పైలట్ చెయ్యందించాల్సి వచ్చింది.

ఆ రాత్రి మా జెర్వాజియు గురక పట్టాక
నా కార్డిగన్ ఒకటి తీసి వెనకముందు తొడిగాను.
పై మూడు గుండీలు పడ్డాయి, కింద రెండు పడ్డాయి.
నడుమ రెండు మాత్రం వేళ్ళకి అందలేదు.
అద్దం ముందు అటూ ఇటూ తిరిగాను.
సరిగ్గా అక్కడ చలేసింది.
ఎలా పెట్టుకుందో అడగాలి,
నవంబరులో.