పద్నాలుగు బిస్

ముప్పై రెండేళ్ళు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచింది గిలెన్.
ఆమె సైకిలూ, ఆమె వీధులూ,
ఆమెను కరిచిన కుక్క మనవడూ
ఇప్పుడు నావి.
సంచి అప్పజెప్పిన రోజున అంది:
"ఇళ్ళు నేర్చుకున్నావు.
ఆదివారం ఫోంటేన్‌బ్లో అడవికి రా, రాళ్ళు నేర్పుతాను."

వెళ్ళాను.
పైన్ చెట్ల కింద నేలంతా తెల్లటి ఇసుక,
సముద్రం ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి
ఊడ్చకుండా వెళ్ళిపోయినట్టు.
ఇసుకలో సగం మునిగి రాళ్ళు:
ఏనుగు వీపులు, తాబేటి డిప్పలు,
ఒకటైతే అచ్చం మా పోస్ట్‌మాస్టర్ బుగ్గ.
రాతి రాతికీ అరచేతి కంటే చిన్న నారింజరంగు బాణం,
పక్కన ఒక అంకె.
"ఇదీ వీధే," అంది. "నలభై రెండు గడపలు.
తెల్లరంగుది పిల్లల వీధి. నీలం మా మేనల్లుడిది.
నలుపు జోలికి పోకు,
అక్కడివాళ్ళు తలుపు తియ్యరు."

ఒకటో నంబరు ముందు చింకి పట్టా పరిచింది.
బూట్ల అడుగులు తుడిచింది, కుడిది, ఎడమది,
మళ్ళీ కుడిది.
ఒక్క ఇసుక రేణువు చాలట
కాలు జారడానికీ, రాయి అరగడానికీ.
"మా రోజుల్లో పైన్ బంక పొడి మూటకట్టి తెచ్చేవాళ్ళం.
రాయి నున్నబడి అద్దమైపోయింది.
ఆ పాపంలో నాకూ వాటా ఉంది," అని
డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి
టీకప్పు మీది ఆవిరిలా పైకి వెళ్ళిపోయింది.

నేను ఉడుంపట్టు పట్టాను.
పట్టడానికి అక్కడ ఏమీ లేదు.
బోర్లించిన కుండకు అంచేది?
"వేళ్ళు కాదు. అరచెయ్యి మొత్తం ఆనించు,
జ్వరం చూసినట్టు."
ఆనించాను. రాయికి లేదు, నాకే ఉంది.
నాలుగోసారికి గట్టెక్కాను,
పొట్ట మీద, చేపలా.

ఏడు నుంచి ఎనిమిదికి నేల తాకకుండా ఒక్క గెంతు.
పదకొండులో ఒక ఒకటిని నాచు తినేసింది.
పద్నాలుగు తర్వాత పదిహేను రాలేదు.
పద్నాలుగు బిస్.

ఊళ్ళోనూ ఉంది ఆ నంబరు,
బేకరీ వెనక సందులో
రెండిళ్ళ మధ్య ఇరికించి కట్టిన ఒంటిగది.
మొదటి నెలంతా దొరక్క
ఆ ఉత్తరాలు తిప్పి పంపేశాను.
"అక్కడ ఎవరుంటారు?" అంది, తెలియనట్టు.
"ఎవరిస్ట్ అని, పెద్దాయన.
కరెంటు బిల్లు తప్ప ఏమీ రాదు."
గిలెన్ బాణాన్ని బొటనవేలితో తడిమింది.
మిగతావాటి కంటే కాస్త ఎర్రన.
"గుర్తులు వేసినవాళ్ళు దీన్ని వదిలేశారు, చిన్నదని.
ఆయనే కలిపాడు ఒక రాత్రి,
కిటికీలకు వెయ్యగా మిగిలిన రంగుతో."

ఆ ఒక్క రాయీ ఆమె ఎక్కలేదు.
"మోకాలు," అంది. "నువ్వెళ్ళు."
పైన చిన్న గుంట,
గుంటలో నిన్నటి వాన,
వానలో ఒక పైన్ కాయ.
దిగి చెప్పబోతే అప్పటికే
పదిహేను మీద ఉంది,
ఏ మోకాలూ లేనట్టు.

ఇరవై తొమ్మిది దగ్గర చినుకులు.
పట్టా చుట్టేసింది.
"తడిసిన ఇసుకరాయి నానిన రొట్టె.
లాగితే ఊడి చేతికొస్తుంది."
"మరి మిగతా పదమూడు?"
"రేపటి టపా."

సోమవారం ఆయనకు మళ్ళీ బిల్లే.
ఎప్పట్లా పెట్టెలో పడేసి వెళ్ళొచ్చు.
సందు ఇరుకు, సైకిలు తిప్పడమే కష్టం.
తలుపు తట్టాను.
చాలాసేపటికి
గడియ తీసిన చప్పుడు, సగం మొహం.
"నిన్న అడవిలో మీ రాయి ఎక్కాను," అన్నాను.
బిల్లు వైపు చూడలేదు.
నా చేతుల వైపు, గీరుకుపోయిన మణికట్టు వైపు చూసి
"గుంటలో నీళ్ళున్నాయా?" అన్నాడు.