అడ్వాన్సు

కొర్లగుంటలో ఆ రెండు రూముల ఇంటికి
పన్నెండు వేలు అడ్వాన్సు.
వచ్చినరోజు ఎట్లుండిందో అట్లే అప్పగించాల
అనింది ఓనరమ్మ శకుంతలమ్మ.
వచ్చినరోజు ఎట్లుండిందో
ఆమెకూ గ్యాపకం లేదు, నాకూ లేదు.
ఎనిమిదేండ్లు.

రంగులేసే ఆయన్ని పిలిస్తే మూడు వేలన్నాడు.
నేను వంటింట్లోకి పోతి.

లాడ్జిలో పద్నాలుగు రూములు కడిగేది
నాది యాసిడ్డు చెయ్యి.
రేషన్ కొట్టు మిషన్ మీద బొటనేలు పెడితే
ఎవురు నువ్వు అంటాది.
నా ఇంటికి మటుకు ఆ సీసా తేను.
కొండమీద సామి ఇంటిగోడలకు కూడా
యాసిడ్డు పుయ్యరు కదా.
కిచిలిగడ్డ, పచ్చకర్పూరం, గంధం...
నాకు గంధం యాడిది?
బస్టాండు కాడ సోడాబండి మునిరత్నం
పిండేసిన నిమ్మచెక్కలు సంచెడు ఇచ్చినాడు,
ఊరికే.

కొళాయికి పట్టిన ఉప్పునీళ్ళ పొర మీద
నిమ్మచెక్క బోర్లించి గుడ్డతో కట్టి
జొరమొచ్చిన బిడ్డకు పట్టీ వేసినట్టు
రాత్రంతా ఇడిస్తి.
తెల్లారి కొళాయిలో నా మొగం
వంకరగా, సాగిపోయి,
అయినా నా మొగమే.

సింకు కంతలో పది రూపాయల వంటసోడా,
పైన రసానికి పిసికిన చింతపండు పిప్పి.
బుసబుసమని పొంగి
గొంతు సవరించుకోని
నీళ్ళు మింగడం మొదలుపెట్టె.
బండల జిడ్డుకు కుంకుడు రసం,
ఇస్త్రీబండి సిద్దయ్య పారబోసే బూడిద.
కిటికీ అద్దాలకు పాత పేపరు, రోంత నీళ్ళు.
ఏ సమచ్చరం ఎలచ్చన్లో
గెలిచినోళ్ళూ ఓడినోళ్ళూ
నల్లగా కలిసిపోయిరి నా చేతిలో.

మేకుల కంతలు పదకొండు.
క్యాలెండరుకు ఒకటి, అద్దానికి ఒకటి,
మిగిలినవి ఎందుకు కొట్టినామో ఇప్పుడు తెలీదు.
తెల్ల పేస్టు కూరి
వేలితో సాపు చేస్తి.

ఇంగ మిగిలింది ఒక్క మరక.
వాకిలి పక్కన గోడకు,
కూర్చుంటే తల ఆనే ఎత్తులో
సంగటిముద్దంత గుండ్రం.
దొరసానక్కది.

నాకు అక్కా కాదు, వదినా కాదు,
బాడుగలో సగం.
అలిపిరి కాడ అమ్మేదానికి
కనకాంబరాల్లో మరువం కలిపి కడతా
ఆ గోడకే ఆనుకోని
ఎనిమిదేండ్లు మాట్లాడింది.
ఆడికృత్తిక ముందురోజు
రుయా ఆస్పత్రికి నడిచే పోయింది.
నడిచి రాలా.

నూనె మరకకు బియ్యప్పిండి.
ఆ చిట్కా కూడా ఆమెదే.
"నూనెను నీళ్ళతో కొట్టగూడదు మే,
పిండితో బతిమాలాల."
తడిపి, మందంగా మెత్తి, ఆరనిస్తి.
అంతసేపూ గోడ తట్టు చూళ్ళా.

శకుంతలమ్మ వచ్చె.
కొళాయి తిప్పె, బండ మీద వేలు రుద్దె,
మేకు కంత కాడ ఆగి
ముక్కు పెట్టి వాసన చూసె.
"ఏం మే, నీ గోడ పండ్లు తోముకునిందా?"
నవ్వు ఆపుకోలేకపాయ.
అయినా రెండునూర్లు పట్టుకోనే
మిగిలింది లెక్కబెట్టి చేతిలో పెట్టె.

"ఆ పిండేంది?"
"మరక."
"రాలగొట్టు, చూద్దాం."

పొరకతో గీరితి.
పెళ్ళలు పెళ్ళలుగా రాలె.
గోడ తెల్లగా
ఎవురూ ఎప్పుడూ ఆనుకోనట్టు.

చాటలోకి ఎత్తితే
కొబ్బరినూనె వాసన,
దాని ఎనక, ఉందో లేదో, మరువం.

బయట ఆటో హారన్ కొడతాండాది.
చెత్తకుండీ రెండడుగుల్లోనే ఉండాది.
చాట పట్టుకోని వాకిట్లోకి పోయి
వంగి, పెళ్ళలు నలిపి
నాలుగు చుక్కలు పెడితి,
చుట్టూ ఒక గీత తిప్పితి.
నాది కాని వాకిలి.

శకుంతలమ్మ ఏమీ అనలా.
అప్పుడే చీమలు వస్తాండాయి.