వరస

షిప్‌యార్డు డ్రాయింగు ఆఫీసు, రెండో అంతస్తు.
పదకొండు యంత్రాలు ఒక్క తీగకు గుచ్చి ఉండేవి.
వాటి మధ్య ఒకటే బిళ్ళ తిరిగేది.
బిళ్ళ చేతికొచ్చిందే మాట్లాడాలి,
మాట అయ్యాక పక్కదానికి అందించాలి.
రెండు ఒకేసారి నోరెత్తగా నేను చూళ్ళేదు.
మా యూనియన్ మీటింగుల్లో
అంత మర్యాద కలలో మాట.

కానీ ఆ వలయం మడి కట్టుకున్నది.
తీగ దానిదే, ప్లగ్గు దానిదే,
సెకనుకు పన్నెండు మిలియన్ల నడకా దానిదే.
పై కంపెనీ యంత్రం పక్కన కూర్చోబోతే
వరస కలవదు పొమ్మనేది.
చెడితే బెంగుళూరు నుంచి మనిషి దిగాలి,
దిగేదాకా ఓడ అడుగు చట్రం
సగం గీతలో ఆగి ఉండాలి.

ఉప్పుగాలి ఎవరి మడినీ లెక్కచెయ్యదు.
ముందు ప్లగ్గుల మీద పచ్చటి చిలుము.
తర్వాత కబురు: ఆ కంపెనీనే ఎవరో కొనేశారు,
ఆ ప్లగ్గు ఇక చెయ్యరు.
నమూనా జేబులో వేసుకుని
డాబా గార్డెన్స్ రేడియో షాపులన్నీ తిరిగి
పూర్ణా మార్కెట్ ఇనప సామాన్ల సందులో తేలాను.
"ఇదేటి బావూ, ఏ ఓడదీ నట్టు?"
అన్నాడొక ముసలాయన, వెలుతురుకెత్తి చూసి.

తొంభై మూడు వేసవిలో కొత్త పెట్టె వచ్చింది,
నెత్తిన ప్రమాణం నంబరు అచ్చేసుకుని.
ఎవరి కార్డయినా సరే, ఎవరి యంత్రమైనా సరే,
లోపల రిలే టిక్కుమని తలుపు తీసేది.
సహపంక్తి భోజనం.
నాలుగా, పదహారా,
అందరూ ఒక్క నడకకి ఒప్పుకుంటే చాలు.
నిజం దాచడమెందుకు, మేం నాలుగుకి పెట్టాం.
పాత మడిది పన్నెండు.
మూడు నెలలు నన్ను తిట్టని డ్రాఫ్ట్స్‌మన్ లేడు.

పదీ ఒక్కొక్కటే బంతికి వెళ్ళిపోయాయి.
పాత తీగ మీద నూకరత్నం గారిది మిగిలింది.
టగ్గు బొమ్మలు దాన్లో ఉన్నాయని
ఆవిడ కదలనివ్వలేదు.
ఓ మధ్యాహ్నం మీటరు పెట్టి చూశాను.
బిళ్ళ బయల్దేరుతోంది,
గోడల్లోంచి, ఖాళీ బల్లల వెనకనుంచి
మూడు వందల మీటర్లు చుట్టి
మళ్ళీ దాని చేతికే వస్తోంది.
చెప్పేదేం లేదు. అడిగేవాళ్ళూ లేరు.
అయినా వరస తప్పడం లేదు.

"ఆపెయ్యమంటారా?"
ఆవిడ డాల్ఫిన్స్ నోస్ వైపు కిటికీ మూసి
"టగ్గు నీళ్ళల్లో పడ్డాక" అంది.

ఆగస్టులో పడింది.
ప్లగ్గు ఇంకా నా సొరుగులో ఉంది,
దేనికీ పట్టదు.