శివారు చేను

"సిస్టరుగారండీ, సూదేసెయ్యండి"
పదకొండు నుంచీ ఇదొకటే మాట
గుబ్బల ఏడుకొండలు నోట.
ముక్తేశ్వరం అవతల దింపు తీస్తూ
మొవ్వుదాకా ఎక్కాక
పట్టుకున్న మట్ట చేతికొచ్చేసిందట.
తొడ ఎముక రెండు ముక్కలు.
బీపీ పై అంకె ఎనభై,
కింది అంకె చూడాలనిపించలేదు.

మందు నా ట్రేలోనే ఉంది.
చిటికెన వేలంత గాజు బుడ్డి.
మెడ విరిచి మొత్తం ఎక్కిస్తే
అరుపు ఆగిపోతుంది.
అరుపుతో పాటు ఇంకేం ఆగుతుందో
నాకు తెలుసు, మంగతాయారుకు తెలీదు.
"నువ్వూ ఓ తల్లి కన్న పిల్లవేనా"
అంది, ట్రే అంచు పట్టుకుని.

మా నాన్న కాలవ మీద లస్కరు.
దాళ్వాకి వంతు నీళ్లొచ్చే రోజుల్లో
తూము తలుపు నాలుగు వేళ్లు లేపి
గట్టు మీద కూర్చునేవాడు.
ఎగువ రైతులు అమ్మనాబూతులు తిట్టేవారు.
"అన్ని తలుపులూ ఒక్కసారి ఎత్తేస్తే
శివారు చేనుకి చెమ్మయినా పోదురా"
అనేవాడు, చుట్ట తిప్పుకుంటూ.
ఒంట్లోనూ శివారు చేలున్నాయి.
మెదడు. మూత్రపిండాలు.
నెత్తురు తగ్గిన కాలవలో
నరాలన్నీ ఒకేసారి వదులైతే
ముందు ఎండేది అవే.

అలాగని తలుపు మూసేసి పోవడమా?
పోయినేడు అదీ చేశాను.
"బీపీ తక్కువ, మందు ఇవ్వలేదు"
అని షీటులో రాసి
పక్క వార్డుకి వెళ్లిపోయాను.
తెల్లారి చూస్తే అప్పాయమ్మ దిండు గలేబు మీద
పళ్ల గాట్లు.
ఇవ్వకపోవడం కూడా
ఒక మోతాదే.

అందుకే ఒంటిగంటకి ఫోను చేశాను.
మత్తు డాక్టరు సుభాషిణిగారు
ఎర్రవంతెన దగ్గర్నుంచి
వానలో స్కూటీ మీద వచ్చారు,
చెప్పులు చేతిలో పట్టుకుని.
"ముందు రక్తం ఎక్కనీ" అన్నారు.
ఎక్కింది ఒక సంచీ.
తర్వాత మందులో పావు వంతు.
ఆగాం. అంకె చూశాం. ఊపిరి లెక్కపెట్టాం.
మళ్లీ ఆగాం.
అప్పుడు గజ్జ మీద స్కానరు ఆనించి
నలుపూ తెలుపూ బురదలో
నరం ఎక్కడుందో నాకు చూపించి
దాని చుట్టూ మాత్రం
సన్నటి సూదితో తిమ్మిరి మందు వదిలారు.
కాలవంతా కాదు,
ఒక్క బోదె కట్టేసినట్టు.

మూడు కావస్తుండగా
"కాలు నాది కానట్టుందండి ఆయ్"
అన్నాడు ఏడుకొండలు.
ఆ మాటలోనే గురక పెట్టాడు.
నేను గబుక్కున గడ్డం ఎత్తి చూశాను.
ఉత్త నిద్రే.
తొంభై ఆరు.

మిగిలిన ముప్పావు వంతు
సాక్షి సంతకం పెట్టించి సింకులో పోశాను.
ఐదు నిమిషాలకోసారి
జబ్బ మీద పట్టీ బిగుసుకుంటూనే ఉంది,
నాన్న అర్ధరాత్రి టార్చి వేసి
కొలబద్ద చూసొచ్చినట్టు.

మంగతాయారు మంచం కింద
తుండు పరుచుకుంటూ అంది:
"ఇదేదో ఇందాకే చేసుంటే పోయేది కదమ్మా."
నేనేం చెప్పలేదు.
తిట్లకి గట్టు మీంచి లేవకపోవడం
మా ఇంట్లో అలవాటే.